కరెంటు చార్జీలు, ఐలా పన్ను, జీఎస్టీ: సంఘం తరఫున ఎవరికి, ఎప్పుడు, ఎలా చెప్పాలి?

#1 ఎస్టేట్_కార్యదర్శి

అందరికీ నమస్కారం. మాది 110 షెడ్ల ఇండస్ట్రియల్ ఎస్టేట్ సంఘం, గుంటూరు వైపు. ఫాబ్రికేషన్, ప్లాస్టిక్ మౌల్డింగ్, రెండు కోల్డ్ స్టోరేజీలు, నాలుగు జిన్నింగ్ మిల్లులు, మిగతావన్నీ లేత్ షాపులు.

సమస్యలు మూడు. ఒకటి, కరెంటు బిల్లులో డిమాండ్ చార్జీ (వాడిన యూనిట్ల మీద కాకుండా లోడు మీద పడేది), దానిపైన ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు చార్జీ). రెండు, ఐలాకి (ఎస్టేట్ లోపలి స్థానిక పాలన ఏర్పాటు) పన్ను కడుతున్నా డ్రైనేజీ లేదు, వీధి దీపాలు లేవు. మూడు, జాబ్ వర్క్ (వేరే కంపెనీ ఇచ్చిన సరుకు మీద పని చేసిపెట్టడం) మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతం కావడం.

ఏటా ఎమ్మెల్యే గారికి, మంత్రి గారికి వినతిపత్రాలు ఇస్తున్నాం. పేపర్లో ఫొటో వస్తోంది, ఆ తర్వాత కదలిక ఉండట్లేదు. ఈసారి పద్ధతిగా వెళ్దామని కమిటీ తీర్మానించింది. తెలిసినవాళ్లు దారి చెప్పండి.

#2 టారిఫ్_నోట్స్

కార్యదర్శి గారూ, ముందు ఆ మూడింటినీ ఒకే వినతిపత్రంలో పెట్టడం ఆపండి. మూడూ మూడు వేర్వేరు చోట్ల తేలేవి. మంత్రి గారి పేషీకి వెళ్లిన కాగితం మీద "పరిశీలించి తగు చర్య నిమిత్తం" అని రాసి కిందికి పంపుతారు. మూడు శాఖల విషయం ఒకే కాగితంలో ఉంటే, ఏ శాఖకి చేరినా మిగతా రెండూ మాకు సంబంధించవని ఫైలు మూసేస్తారు.

కరెంటు సంగతి నేను చెప్తాను. రేటు నిర్ణయించేది ప్రభుత్వం కాదు, ఏపీఈఆర్‌సీ, అంటే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. తెలంగాణ వాళ్లకి టీజీఈఆర్‌సీ. విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 64 ప్రకారం డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టారిఫ్ దరఖాస్తు వేయాలి, దాన్ని బయట ప్రకటించాలి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు చూశాకే, దరఖాస్తు అందిన 120 రోజుల్లో కమిషన్ ఆర్డర్ ఇవ్వాలి. అంటే మీ మాట వినడం వాళ్లు చేసే దయ కాదు, చట్టం పెట్టిన మెట్టు.

క్యాలెండర్ గోడకి తగిలించుకోండి. వచ్చే ఏప్రిల్ నుంచి అమలయ్యే రేట్లకి డిస్కంలు ఏఆర్‌ఆర్ (ఏడాదికి తమకి కావాల్సిన రాబడి లెక్క) వేయాల్సిన గడువు నవంబరు 30. ఆలస్యమైన ఏళ్లూ ఉన్నాయి కాబట్టి డిసెంబరంతా కమిషన్ వెబ్‌సైటు రోజూ చూడండి. తర్వాత పత్రికల్లో బహిరంగ ప్రకటన వస్తుంది. అభ్యంతరాలకి ఆఖరి తేదీ, విచారణ తేదీలు, ఊళ్లు అందులోనే ఉంటాయి. మామూలుగా జనవరి, ఫిబ్రవరి మధ్య అయిపోతుంది. మార్చిలో వినతిపత్రం పట్టుకెళ్లేసరికి ఆర్డర్ టైపవుతూ ఉంటుంది. చాలా సంఘాలు దెబ్బతినేది ఇక్కడే.

అభ్యంతరం పంపేటప్పుడు చూసుకోవాల్సినవి: కమిషన్ కార్యదర్శికి ఒక ప్రతి, సంబంధిత డిస్కంకి ఒక ప్రతి. డిస్కంకి పంపినట్టు రుజువు జత చేయాలి. సంఘం పేరు, చిరునామా, సంతకందారు హోదా. "స్వయంగా విచారణలో మాట్లాడదలచుకున్నాం" అన్న వాక్యం తప్పనిసరి. అది లేకపోతే జాబితాలో పేరు రాదు, వాళ్లు పిలిచేదాకా వెనక కూర్చోవాలి.

డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. ఆ జవాబు చాలా విలువైనది. ఎక్కువసార్లు "ప్రతిపాదన నిబంధనల ప్రకారమే ఉంది" అని ఒక్క ముక్క రాస్తారు. విచారణలో మీరు అడగాల్సింది ఆ ముక్క మీదే.

#3 లెక్కల_పుస్తకం

పైన చెప్పింది సరైన దారి. కానీ కమిషన్ దగ్గరికి వెళ్లేముందు మీ 110 షెడ్ల బిల్లులు ఒకసారి పరిచి చూడండి. డిమాండ్ చార్జీ మీద వచ్చే గొడవలో కొంత భాగం అసలు పాలసీ సమస్యే కాదు.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్‌కి డిమాండ్ చార్జీ వేసేది నమోదైన గరిష్ఠ డిమాండ్ (ఎండీ) మీద, లేదా కాంట్రాక్ట్ డిమాండ్‌లో (సీఎండీ, డిస్కంతో ఒప్పందం చేసుకున్న లోడు) 80 శాతం మీద, ఏది ఎక్కువైతే దానిపై. ఉదాహరణకి ఒక మౌల్డింగ్ యూనిట్ సీఎండీ 150 కేవీఏ అనుకోండి. మీటరు చూపించిన గరిష్ఠం 90. బిల్లు 90 మీద రాదు, 120 మీద వస్తుంది. కేవీఏకి 475 రూపాయల లెక్కన 120కి 57,000, 90కి 42,750. నెలకి 14,250 తేడా, ఏడాదికి 1,71,000.

ఈ యూనిట్ సీఎండీ తగ్గించమని డిస్కంకి దరఖాస్తు పెట్టుకుంటే సరిపోతుంది. 110కి దింపితే 80 శాతం అంటే 88, అప్పుడు బిల్లు నిజంగా వాడిన 90 మీదే వస్తుంది. దీనికి కమిషన్ అక్కర్లేదు. దించేముందు మాత్రం గత 12 నెలల బిల్లుల్లో ఎండీ కాలమ్ మొత్తం చూడాలి. ఏ ఒక్క నెలలో కొత్త సీఎండీ దాటినా, దాటిన భాగానికి పెనాల్టీ రేటు పడుతుంది. ఆర్డర్లు పెరిగితే మళ్లీ పెంచుకోవడానికి డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలి.

కాబట్టి ఒక షీటు తయారు చేయండి: సర్వీస్ కేటగిరీ, సీఎండీ, 12 నెలల ఎండీ, యూనిట్లు, పవర్ ఫ్యాక్టర్, డిమాండ్ చార్జీ, ఎనర్జీ చార్జీ, ఎఫ్‌పీపీసీఏ, మొత్తం. ఎవరికి దరఖాస్తుతో తీరుతుందో వాళ్లని పక్కన పెట్టండి. మిగిలినవాళ్ల లెక్కే మీ అసలు వాదన. జిన్నింగ్ మిల్లుల సంగతి విడిగా చూడాలి. సీజనల్ ఇండస్ట్రీగా నమోదైతే ఆఫ్ సీజన్లో డిమాండ్ బిల్లింగ్ వేరేగా ఉంటుంది. నమోదు చేయించుకోకుండా ఏడాది పొడవునా మామూలు బిల్లు కడుతున్నవాళ్లు ఉంటారు.

#4 ఓరుగల్లు_వర్తకం

అన్నా, మీరు చెప్పేదంతా కాగితం మీద మంచిగనే ఉంటది. కానీ మంత్రి దగ్గరికి పోకుంటే పని ఎట్లయితది? పవర్‌లూమ్‌లకు కరెంటు రాయితీ కమిషన్ ఇచ్చిందా, సర్కారు ఇచ్చిందా? బడ్జెట్ల పైసలు పెట్టేది సర్కారే గదా. వినతిపత్రాలు దండగ అంటే నేనొప్పుకోను.

#5 టారిఫ్_నోట్స్

ఓరుగల్లు అన్నా, దండగ అనలేదు. ఏది ఎవర్ని అడగాలన్నదే తేడా. మీరు చెప్పిన రాయితీ సెక్షన్ 65 కిందికి వస్తుంది. ఏదైనా వర్గానికి కమిషన్ నిర్ణయించిన రేటు కన్నా తక్కువకి ఇవ్వాలనుకుంటే ప్రభుత్వం ఆ తేడా సొమ్ము డిస్కంకి ముందుగానే కట్టాలి. కాబట్టి "మా వర్గానికి రాయితీ ఇవ్వండి" అన్నది మంత్రికి, ఆర్థిక శాఖకి వెళ్లాల్సిన మాట. "ఈ రేటు లెక్కే తప్పు" అన్నది కమిషన్‌కి. రాయితీ ఇమ్మని కమిషన్‌ని అడిగితే "ప్రభుత్వ పరిధి" అంటుంది. టారిఫ్ తగ్గించమని మంత్రిని అడిగితే "కమిషన్ పరిధి" అంటారు. రెండు చోట్లా వాళ్లు చెప్పేది నిజమే. మధ్యలో సంఘం ఏడాది పోగొట్టుకుంటుంది.

ప్రభుత్వాన్ని అడిగేటప్పుడు ఆర్థిక శాఖ వేసే మొదటి ప్రశ్న "ఖజానాపై భారం ఎంత?" ఆ అంకె మీ కాగితంలో లేకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. ఎన్ని సర్వీసులు, ఏడాదికి ఎన్ని యూనిట్లు, యూనిట్‌కి ఎంత రాయితీ, మొత్తం ఎంత అన్న నాలుగు లైన్ల లెక్క పెట్టండి. శాఖలు బడ్జెట్ అంచనాలు పంపేది క్యాలెండర్ సంవత్సరం చివరి నెలల్లో. ఫిబ్రవరిలో అడిగితే వచ్చే ఏడాది చూద్దాం అంటారు.

కమిషన్ ముందు బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని సంఘాలు సరిగా వాడట్లేదని నాకు బాధ. 2016 జాతీయ టారిఫ్ పాలసీ ప్రకారం ఏ వర్గం రేటైనా సగటు సరఫరా వ్యయానికి అటూ ఇటూ 20 శాతం లోపు ఉండాలి. ఏఆర్‌ఆర్‌లోనే ఆ సగటు వ్యయం ఉంటుంది. మీ కేటగిరీ నుంచి వచ్చే సగటు రాబడిని దానితో భాగించండి. 1.20 దాటితే అదే మీ మొదటి పేరా. "పరిశ్రమలు మూతపడుతున్నాయి, కార్మికులు రోడ్డున పడుతున్నారు" అన్న వాక్యం నిజమైనా, దాని మీద కమిషన్ ఆర్డర్ రాయలేదు. ఈ భాగాహారం మీద రాయగలదు.

#6 జీఎస్టీ_డెస్క్

జాబ్ వర్క్ గురించి. 2025 సెప్టెంబరు 3న 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం నిర్ణయాలతో, ప్రత్యేకంగా ఎక్కడా చెప్పని జాబ్ వర్క్ సేవ 12 నుంచి 18కి వెళ్లింది, సెప్టెంబరు 22 నుంచి అమలు. ఇది రాష్ట్ర ప్రభుత్వం ఒక్కటే మార్చేది కాదు. కౌన్సిల్‌లో కేంద్రం ఓటు బరువు మూడో వంతు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి మూడింట రెండు వంతులు, నిర్ణయానికి నాలుగింట మూడు వంతులు కావాలి. అంశం కౌన్సిల్ దాకా వెళ్లేముందు ఫిట్‌మెంట్ కమిటీ చూస్తుంది. అందులో ఉండేది కేంద్ర, రాష్ట్రాల రెవెన్యూ అధికారులు. మీ కాగితం అక్కడికి చేరాలంటే రాష్ట్ర వాణిజ్య పన్నుల చీఫ్ కమిషనర్ ద్వారా, రాష్ట్ర ఆర్థిక మంత్రి ద్వారా, ఢిల్లీలో రెవెన్యూ శాఖ టాక్స్ రీసెర్చ్ యూనిట్‌కి ఒక ప్రతి.

అక్కడ "18 శాతం భారం" అంటే వెంటనే వచ్చే జవాబు: "పని ఇచ్చిన కంపెనీకి ఇన్‌పుట్ క్రెడిట్ (ఆ పన్నుని తన పన్నులోంచి తగ్గించుకునే వీలు) వస్తుంది కదా, భారం ఎక్కడ?" ఆ జవాబుకి సిద్ధపడకుండా వెళ్లకండి. లేత్ షాపుకి అసలు నొప్పి వర్కింగ్ క్యాపిటల్. నెలకి 2 లక్షల జాబ్ వర్క్ బిల్లు చేసే షాపు అదనంగా కట్టేది 12,000. బిల్లు వేసిన మర్నెల 20కల్లా పన్ను కట్టాలి. కంపెనీ మాత్రం 90 రోజులకి డబ్బిస్తుంది. ఎప్పుడు చూసినా ఒకటి రెండు నెలల అదనపు పన్ను సొంత డబ్బులోంచి ఇరుక్కుని ఉంటుంది. పది షాపుల ఇన్‌వాయిస్ తేదీ, పన్ను కట్టిన తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ మూడు కాలమ్స్‌తో పట్టిక ఇవ్వండి. ఎన్ని పేజీల ఆవేదన కన్నా ఆ ఒక్క పట్టిక మేలు.

ఒక్క ఊరి సంఘం గొంతు అక్కడ వినపడదు, దానికి ఉదాహరణ కళ్లముందే ఉంది. వస్త్రాలు, చెప్పులు రెండింటికీ 2022 జనవరి 1 నుంచి 5 నుంచి 12 శాతం చేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. వస్త్ర వ్యాపార సంఘాలు రాష్ట్రం తర్వాత రాష్ట్రం కదిలాయి. గుజరాత్, తమిళనాడు, రాజస్థాన్, ఢిల్లీ, పశ్చిమ బెంగాల్ అభ్యంతరం చెప్పాయి. పార్టీలు వేరైనా మాట ఒకటే. 2021 డిసెంబరు 31న 46వ సమావేశం వస్త్రాల పెంపును వాయిదా వేసింది. చెప్పుల మీద మాత్రం మర్నాటి నుంచే 12 శాతం అమలైంది. చెప్పుల వ్యాపారులూ అడిగారు, కానీ వాళ్ల వెనక అన్ని రాష్ట్రాలు నిలబడలేదు. కాబట్టి జాబ్ వర్క్ విషయంలో కోయంబత్తూరు, రాజ్‌కోట్, లూథియానా ఇంజనీరింగ్ సంఘాలతో ఒకే పట్టిక, ఒకే డిమాండ్ తయారు చేసుకోండి. ఎవరి రాష్ట్రంలో వాళ్లు ఇస్తారు.

#7 ఎస్టేట్_కార్యదర్శి

చాలా ఉపయోగం అండీ, కమిటీ వాట్సాప్‌లో పెట్టాను. రెండు సందేహాలు. కోల్డ్ స్టోరేజీల వాళ్లు రాత్రి రేటు ఇంకా తగ్గించమని అడగాలంటున్నారు. లేత్ షాపులు పగలే నడుస్తాయి, "రాత్రి తగ్గిస్తే ఆ భారం మా మీద వేస్తారు" అంటున్నారు. సంఘం ఎవరి తరఫున మాట్లాడాలి? రెండోది, ఐలా గురించి ఎవరూ చెప్పలేదు.

#8 సంఘం_పని

మొదటిది నేను చెప్తాను. ఇది తేల్చకుండా విచారణకి వెళ్తే అక్కడే బయటపడుతుంది: సంఘం అధ్యక్షుడు ఒకటి చెప్తాడు, సభ్యుడు విడిగా వేసిన అభ్యంతరంలో ఇంకోటి ఉంటుంది. డిస్కం లాయరు రెండూ పక్కపక్కన పెట్టి చదివితే చాలు, సంఘం మాటకి విలువ పోతుంది.

పద్ధతి ఇలా పెట్టుకోండి. అక్టోబరులో సభ్యులకి ఒకే పేజీ ఫారం: మీ సమస్య ఏది, ఏడాదికి ఎంత నష్టం, బిల్లు కాపీ. నవంబరు జనరల్ బాడీలో సంఘం డిమాండ్లు రెండు లేదా మూడుకి దించాలి. ఏ ఒక్క వర్గానికీ నష్టం లేనివే సంఘం పేరుతో వెళ్తాయి. రాత్రి రేటు లాంటిది కోల్డ్ స్టోరేజీలు తమ పేరుతో విడిగా వేసుకోవచ్చు. ఆ విషయంలో సంఘం మద్దతూ ఇవ్వదు, వ్యతిరేకించదు అని మినిట్స్‌లో రాయండి. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే తర్వాత కొట్లాటలు ఉండవు.

చిన్నవాళ్ల విషయంలో జాగ్రత్త. చందా ఎక్కువ కట్టే నలుగురి అజెండానే సంఘం అజెండా కావడం చాలా చోట్ల జరుగుతోంది. హెచ్‌టీ వాళ్లు పది మందే ఉండొచ్చు, ఎల్‌టీ (లో టెన్షన్, చిన్న కనెక్షన్ల) వాళ్లు వంద. కరెంటు సబ్‌కమిటీలో సగం సీట్లు ఎల్‌టీ సర్వీసుల వాళ్లకి ఇవ్వండి.

ఇంకో మాట. సొసైటీల చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే కార్యవర్గం జాబితా ఏటా రిజిస్ట్రార్‌కి ఇచ్చారో లేదో చూసుకోండి. మీరు ఎవరి ప్రతినిధి అని ఎదుటివాళ్లు అడిగినప్పుడు రసీదు చూపించగలగాలి.

#9 న్యాయం_విశాఖ

దీనికి అనుబంధంగా ఒక హెచ్చరిక. ఈ సమావేశాల్లో బిల్లులు, ఖర్చులు పరిచినప్పుడు మాట జారి "కాబట్టి అందరం జాబ్ వర్క్ రేటు గంటకి ఇంత చేద్దాం" అన్న దాకా వెళ్తుంది. అది మినిట్స్‌లోకి ఎక్కినా, వాట్సాప్‌లో ఉన్నా కాంపిటీషన్ చట్టం సెక్షన్ 3 కిందికి వస్తుంది. 2012లో సీసీఐ (కాంపిటీషన్ కమిషన్) సిమెంట్ కంపెనీలతో పాటు వాటి తయారీదారుల సంఘానికీ జరిమానా వేసింది. మందుల దుకాణాల సంఘాల మీదా ఆర్డర్లు ఉన్నాయి. ప్రభుత్వాన్ని కలిసి అడగడం పూర్తిగా సక్రమం. ధర కలిసి నిర్ణయించడం నేరుగా ఉల్లంఘన. అందుకే సభ్యుల అమ్మకం ధరలు షీటులో అడగొద్దు. ఖర్చు లెక్కలు కూడా ఒక్క ఆడిటర్ దగ్గరే ఉండాలి, సభ్యులకి మొత్తాలు, సగటులు మాత్రమే తెలియాలి.

#10 ఐలా_పరిశీలన

రెండో సందేహానికి. ఐలా అంటే ఎస్టేట్ లోపల పంచాయతీ, మున్సిపాలిటీ అధికారాలు ఏపీఐఐసీకి (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) అప్పగించిన ఏర్పాటు. ఆస్తి పన్ను వాళ్లే వసూలు చేస్తారు. అందులో 35 శాతం స్థానిక సంస్థకి ఇచ్చి 65 శాతం ఎస్టేట్ నిర్వహణకి వాడటం పద్ధతి. మీ ఐలాకి వర్తించే జీవో తెప్పించుకుని వాటా సరిచూసుకోండి.

ఇక్కడ "డ్రైనేజీ వేయండి" అనే కన్నా "మా డబ్బు లెక్క చెప్పండి" అన్నది ముందు అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు, 30 రోజులు. ప్రశ్నలు విడివిడిగా: గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఏటా పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత, బకాయి ఎంత, స్థానిక సంస్థకి బదిలీ చేసిన మొత్తం, తేదీ, పని వారీగా ఖర్చు, అంచనా, బిల్లు చెల్లింపు, మార్చి 31 నాటి బ్యాంకు నిల్వ. "ఎందుకు చేయలేదు" అని అడగకండి. కారణాలు అడిగితే "సమాచారం నిర్వచనంలోకి రాదు" అని తిప్పి పంపుతారు.

నిల్వ ఉందని తేలితే పని చేయించడం సులువు. వసూలే తక్కువగా ఉంటే బకాయిదారుల్లో మీ సభ్యులు ఎంతమందో ముందే చూసుకోండి. ఆ జాబితా అధికారి బయటికి తీస్తే మాట్లాడటానికి ఉండదు. కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా పరిశ్రమల ప్రోత్సాహక కమిటీలో దీన్ని అజెండా అంశంగా పెట్టించాలి. జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్‌కి సమావేశానికి ముందే ఒక పేజీ నోట్ ఇవ్వండి. "ఇతర అంశాలు"లో లేచి మాట్లాడితే విని వదిలేస్తారు. అజెండాలో ఉంటే మినిట్స్‌లోకి వస్తుంది, వచ్చే సమావేశంలో చర్యా నివేదిక ఇవ్వాల్సి వస్తుంది. సోమవారం గ్రీవెన్స్ వ్యక్తిగత సమస్యలకి బాగానే ఉంటుంది, ఇలాంటివాటికి కాదు.

ఓరుగల్లు గారికి కూడా: ఎమ్మెల్యేని వాడుకోవాల్సిన చోటు ఒకటుంది. వినతిపత్రం బదులు అసెంబ్లీ ప్రశ్న రాసిచ్చి అడగమనండి. ప్రశ్న అడ్మిట్ అయితే శాఖ అంకెలతో జవాబు చెప్పక తప్పదు.

#11 ఓరుగల్లు_వర్తకం

ఇది మంచి మాట. ప్రశ్న రాసిచ్చుడు మా దగ్గర ఎవ్వరూ చేస్తలేరు. నేనొప్పుకుంటున్న.

#12 ఎస్టేట్_కార్యదర్శి

కమిషన్‌కి పంపే అభ్యంతరం ఎలా ఉండాలో ఒక నమూనా పేరా ఇవ్వగలరా? ఎఫ్‌పీపీసీఏ మీద కూడా అడగొచ్చా?

#13 టారిఫ్_నోట్స్

నమూనా ఇది, అంకెలు మీవి వేసుకోండి:

"అభ్యంతరం 2. డిస్కం దరఖాస్తు ఫలానా పేజీ, ఫలానా పట్టికలో పరిశ్రమల వర్గం డిమాండ్ చార్జీ పెంపు ప్రతిపాదించింది. మా సభ్యులకి చెందిన 14 హెచ్‌టీ సర్వీసుల 12 నెలల బిల్లుల ప్రకారం నమోదైన సగటు డిమాండ్ సీఎండీలో 61 శాతం. 80 శాతం నిబంధన వల్ల వాడని డిమాండ్‌కి చార్జీ పడుతోంది, అనుబంధం ఎ చూడగలరు. కోరేది: పెంపును తిరస్కరించాలి. ప్రత్యామ్నాయంగా, 150 కేవీఏ లోపు సర్వీసులకి 80 శాతాన్ని 60 శాతానికి తగ్గించాలి. దీనివల్ల డిస్కం రాబడిలో తగ్గుదల అంచనా అనుబంధం బిలో ఇచ్చాం."

చూడండి, ఎక్కడ ఉందో చెప్పాం, మన లెక్క చెప్పాం, ఏం కావాలో చెప్పాం, అది కుదరకపోతే ఇంకోటి చెప్పాం. ప్రత్యామ్నాయం లేకుండా వెళ్తే "అవును" లేదా "కాదు" తప్ప కమిషన్‌కి దారి ఉండదు, ఎక్కువసార్లు "కాదు" అవుతుంది. అనుబంధం బి మరీ ముఖ్యం, రాబడి తగ్గుదల ఎంతో డిస్కం తన లెక్క చెప్పేలోపు మీ లెక్క ఉండాలి.

విచారణలో మాట్లాడేది మూడు నుంచి ఐదు నిమిషాలు. రాసిచ్చింది చదవొద్దు, వాళ్ల దగ్గర ఆ కాగితం ఉంది. "మా అభ్యంతరం 2కి డిస్కం జవాబులో అనుబంధం ఎ అంకెల్ని కాదనలేదు" అని మొదలుపెట్టండి. వేదిక మీద నుంచి "పేజీ ఎంత?" అని అడుగుతారు, వేలు అక్కడే ఉండాలి. ఒక్కరే మాట్లాడాలి, బిల్లులు తెలిసినవాళ్లు మాట్లాడాలి. అధ్యక్షుడికి గౌరవంగా మొదటి అరనిమిషం ఇస్తే చాలు. ఇంగ్లిషు రాకపోతే ఏం పర్వాలేదు, తెలుగులోనే చెప్పండి.

ఎఫ్‌పీపీసీఏ విషయానికొస్తే, ఏపీలో యూనిట్‌కి 40 పైసల దాకా నెలనెలా నేరుగా బిల్లులో వేసేస్తారు, దానికి ముందుగా విచారణ ఉండదు. మిగతాది ఏడాది అయ్యాక పిటిషన్‌గా వస్తుంది. దానికి విడిగా ప్రకటన, అభ్యంతరాల గడువు ఉంటాయి. ఏఆర్‌ఆర్ మీద పెట్టిన కన్ను దీని మీద పెట్టకపోవడం వల్ల చాలా సంఘాలు మిస్ అవుతున్నాయి. 2022-23 సంవత్సరానికి డిస్కంలు సుమారు 8,100 కోట్లు అడిగితే ఏపీఈఆర్‌సీ ఒప్పుకున్నది సుమారు 6,070 కోట్లు. అంత కోత అభ్యంతరాల వల్లే పడిందని చెప్పలేం, కమిషన్ సొంత తనిఖీ ఉంటుంది. కానీ అడిగిందంతా ఇవ్వరన్నది స్పష్టం. కొనుగోలు ధరలు నెలవారీగా పిటిషన్‌లో ఉంటాయి, బయటి మార్కెట్లో ఏ నెల ఎంతకి కొన్నారో చూసి ఆ నెలల మీదే ప్రశ్నలు వేయండి.

ఆర్డర్ వచ్చాక మీ అభ్యంతరం ఏ పేరాలో ఉందో వెతకండి. అభ్యంతరం, డిస్కం జవాబు, కమిషన్ అభిప్రాయం వరసగా ఉంటాయి. మీ అంకెలకి జవాబు లేకుండా దాటేసి ఉంటే, ఆప్టెల్‌కి (విద్యుత్ అప్పీళ్ల ట్రిబ్యునల్) అప్పీలు వేసే దారి సెక్షన్ 111లో ఉంది, గడువు 45 రోజులు. వేయకపోయినా ఆ పేరా కత్తిరించి దాచండి, వచ్చే నవంబరులో మీ అభ్యంతరం మొదలయ్యేది దాంతోనే.

#14 ఎస్టేట్_కార్యదర్శి

అందరికీ ధన్యవాదాలు. ఈ వారం బిల్లుల షీటు మొదలుపెడుతున్నాం, ఎల్‌టీ సర్వీసుల నుంచే. ఐలా మీద ఆర్టీఐ దరఖాస్తు ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను. ఐలా_పరిశీలన గారూ, ప్రశ్నలు సరిగా ఉన్నాయో ఒకసారి చూసిపెట్టండి.